బాబాయి కార్ల పత్రికలు: తూకానికా, గంపగుత్తగానా, విడివిడిగానా? ఏది మేలు?

పోయిన వేసవిలో పిన్ని ఫోన్ చేసింది. "ఒరేయ్ అబ్బాయ్, మీ బాబాయి పుస్తకాలు పాత పేపర్ల కొట్టువాడు కిలో 12 రూపాయలకి తీసుకుంటానంటున్నాడు. ఇచ్చెయ్యమంటావా?"

పుస్తకాలంటే కార్ల పత్రికలు. అంబాజీపేట దగ్గర వాళ్ల పెంకుటింట్లో రెండు ఇనప పెట్టెల నిండా, అటక మీద నాలుగు గోనె సంచుల నిండా ఉన్నాయి. బాబాయిది కొబ్బరి వ్యాపారం. పని మీద రాజమండ్రి వెళ్లినప్పుడల్లా రైల్వే స్టేషన్ బుక్‌స్టాల్లో ఒకటో రెండో కొనుక్కుని వచ్చేవాడు. సొంతానికి కొన్నవి ఒక ప్రీమియర్ పద్మిని, దాని తర్వాత ఒక మారుతి 800, అంతే. చదివింది మాత్రం దేశంలోకి వచ్చిన ప్రతి కారు గురించీ. ఆయన పోయి రెండేళ్లయింది. "తొందరపడకు పిన్నీ, నేనొచ్చి చూస్తాను" అన్నాను. చూసి ధర కట్టడానికి నాలుగు ఆదివారాలు పట్టింది.

ముందు తూకం లెక్క వేశాను. మొత్తం 360 సంచికలు, 140 కిలోలు. కిలో 12 చొప్పున 1680 రూపాయలు. ఎంత అధ్వాన్నమైన సరుకుకైనా వచ్చే ధర ఇది. మిగతా దారుల్లో ఎంత వస్తుందో చూడటానికి దీన్ని అట్టడుగు గీతగా పెట్టుకున్నాను.

మన కోనసీమలో పాత కాగితానికి ధర కట్టాలంటే ముందు తడి సంగతి తేల్చుకోవాలి. చుట్టూ కాలువలు, వానాకాలంలో గోడలకు చెమ్మ, దానికి తోడు చెదలు. కార్ల పత్రికలు అచ్చేసేది మెరిసే ఆర్ట్ పేపరు మీద. దాని మీద సన్నటి తెల్లమట్టి పూత ఉంటుంది. తడి తగిలితే ఆ పూత జిగురులా మారి పేజీకి పేజీ అతుక్కుపోతుంది. గోనె సంచిలోంచి 2001 నాటి సంచిక ఒకటి తీశాను. పైకి అట్ట బాగానే ఉంది. పది పేజీలు తేలిగ్గానే తిరిగాయి. పదకొండోది పట్టుకుంటే చర్రుమంది. ఎర్ర కారు బానెట్ సగం ఎదుటి పేజీకి అంటుకుని వెళ్లిపోయింది, ఇటువైపు తెల్లటి పీచు మిగిలింది. అలా అతుక్కున్నాక విడదీసే మార్గం మన చేతుల్లో లేదు.

అందుకని ప్రతి కాపీనీ చేతిలోకి తీసుకున్నాను. బొటనవేలితో అంచు పట్టి పేజీలు జారవిడిస్తే ఒక్కొక్కటీ గలగలా పడాలి. ముద్దగా పడితే లోపల ఎక్కడో అతుక్కున్నట్టే. తర్వాత మధ్య పేజీలు తెరిచి పోస్టరు ఉందో లేదో, పిన్ను తుప్పు కాగితానికి ఎక్కిందో లేదో చూశాను. కూపన్ కోసం కత్తిరించిన పేజీలు కూడా ఉంటాయి, వాటినీ వదలకూడదు. కొంచెం చెమ్మ వాసన ఉన్నవాటిని నులక మంచం మీద పరిచి ఫ్యాను కింద ఆరబెట్టాను. రోహిణి కార్తె ఎండలు కాస్తున్నాయి కదా అని వాకిట్లో పెడితే రంగు వెలిసిపోతుంది, కాగితం వంకర తిరుగుతుంది. చివరికి 85 కాపీలు పనికిరానివని తేలింది. మిగిలినవి 275.

ఇక వీటిలో దేనికి విలువ? పాతదైతే చాలు ఖరీదు పలుకుతుందని చాలామంది అనుకుంటారు. కొనేవాడు ఎవరో ఆలోచిస్తే అసలు సంగతి తెలుస్తుంది. పాత కారును మళ్లీ కొత్తదానిలా చేయించుకునేవాడు, ఆ కారు వచ్చిన రోజుల్లో దాని గురించి ఏం రాశారో చదవాలనుకుంటాడు. 1983 డిసెంబరులో మారుతి 800 వచ్చేదాకా మన రోడ్ల మీద ఎక్కువగా కనిపించినవి అంబాసిడర్, పద్మిని. అసలైన మలుపు 1998. శాంత్రో, మాటిజ్, ఇండికా మూడూ ఆ ఏడాదే వచ్చాయి. ఓవర్‌డ్రైవ్ పత్రిక మొదలైంది కూడా 1998లోనే, ఆటోకార్ ఇండియా 1999లో. కాబట్టి ఈ రెండు పత్రికల తొలి రెండు మూడేళ్ల సంచికల్లో, ఇప్పటికీ జనం తలుచుకునే కార్లను పత్రికవాళ్లు మొదటిసారి నడిపి చూసి రాసిన పరీక్షలు ఉంటాయి. వాటిని వెతుక్కుంటూ వచ్చేవాళ్లున్నారు. 2005 తర్వాతవాటి పరిస్థితి వేరు. అవి చాలా ఇళ్లలో భద్రంగా ఉన్నాయి, ఆ కార్ల రివ్యూలు నెట్‌లో దొరుకుతాయి. అలాంటి సంచిక అద్దంలా మెరుస్తున్నా పెద్దగా పలకదు.

నేను అస్సలు అనుకోని విలువ పత్రికల మధ్యలో దొరికింది. బాబాయి షోరూముల్లో అడిగి తెచ్చుకున్న బ్రోచర్లు ఆరు ఉన్నాయి, కాంటెస్సాది, 1991లో వచ్చిన టాటా సియెర్రాది వాటిలోవే. ఉచితంగా పంచినవి కాబట్టి అప్పట్లో ఎవరూ దాచుకోలేదు. అందుకే ఇప్పుడు దొరకవు. ఆ ఆరింటికి 2400 రూపాయలు వచ్చాయి. పాత పత్రికలు ఎవరికైనా అప్పజెప్పే ముందు ప్రతి కాపీనీ ఒకసారి దులిపి చూడండి. బ్రోచరు గానీ, కారుతో ఇచ్చిన చేతిపుస్తకం గానీ దొరికితే వేరే పెట్టండి.

గంపగుత్త బేరానికి విజయవాడ లెనిన్ సెంటర్ పాత పుస్తకాల కొట్లలో, హైదరాబాద్ ఆబిడ్స్‌లో ఆదివారం పేవ్‌మెంట్ మీద అమ్మేవాళ్ల దగ్గర అడిగాను. ఎక్కువలో ఎక్కువ వచ్చిన మాట కాపీకి 15 రూపాయలు. 275 కాపీలకు 4125. సరుకు మనమే పంపాలి. తక్కువే, కానీ ఆ ధరలో అన్యాయం లేదు. కొట్టువాడికి వాటిలో సగం ఏళ్ల తరబడి కదలవు. ఇల్లు ఖాళీ చేయాల్సినవాళ్లు, పిల్లల దగ్గరికి అమెరికా వెళ్లిపోతున్నవాళ్లు రెండో ఆలోచన లేకుండా ఈ దారి పట్టొచ్చు.

విడివిడిగా అమ్మితే? ఆన్‌లైన్‌లో చూస్తే ఒక్కో కాపీకి 500, 800 అని పెట్టినవాళ్లున్నారు. 275ని 500తో గుణించి లక్షా ముప్ఫై ఏడు వేలని మా తమ్ముడు సంబరపడ్డాడు. పెట్టిన ధర వేరు, పలికిన ధర వేరు. ఆరు నెలల నుంచి అదే ధరతో అలాగే పడి ఉన్న కాపీని చూపించి ధర కట్టకూడదు. అమ్ముడుపోయినవి చూడాలి, లేదా కొన్నవాళ్లను అడగాలి. ఇరవై కాపీలు నేనే పెట్టి చూశాను. రెండు నెలల్లో ఏడు పోయాయి, 150 నుంచి 300 మధ్యలో, మొత్తం 1350 రూపాయలు. పోస్టు ఖర్చు కొన్నవాళ్లే పెట్టుకున్నారు. కానీ ఒక్కో కాపీకి ఫొటోలు తీసి పంపడం, "మధ్య పేజీ చూపించండి, వెన్ను చూపించండి" అన్నవాళ్లకు జవాబు చెప్పడం, అట్టపెట్టె కత్తిరించి కట్టడం, పోస్టాఫీసుకు వెళ్లిరావడం, అన్నీ కలిపితే గంట పైనే పట్టింది. 275 కాపీలకూ ఇలా చేయాలంటే ఉద్యోగం మానుకోవాలి.

ఇంకో చిక్కు కూడా ఉంది. మంచి సంచికలను ఏరి అమ్మితే మిగతా సంవత్సరం విలువ పడిపోతుంది. కొబ్బరి దింపు తీయించినవాళ్లకు ఇది చెప్పక్కర్లేదు. రాశిలోంచి పెద్ద కాయలు ముందే ఏరేసి, మిగిలిన రాశికి పాత ధరే ఇమ్మంటే ఏ సేటూ ఇవ్వడు. జనవరి నుంచి డిసెంబరు దాకా పన్నెండూ ఉన్న కట్ట కావాలనేవాడు, పదకొండే ఉంటే మొహం తిప్పుకుంటాడు. అందుకని ఒక నియమం పెట్టుకున్నాను. నిండుగా ఉన్న సంవత్సరాన్ని ఒక్క సంచిక కోసం విడగొట్టలేదు. ఎలాగూ చిల్లులు పడ్డ సంవత్సరాల్లోంచే విడి కాపీలు తీశాను.

అలా చూస్తే నాకు అన్నిటికంటే నచ్చిన దారి సంవత్సరం కట్టలు. 275లో నిండు సంవత్సరాలు 14 తేలాయి, అంటే 168 కాపీలు. ఒక్కో కట్ట నాలుగున్నర కిలోల పైన ఉంటుంది. అమలాపురం బస్టాండులో ఆర్టీసీ కార్గోలో వేస్తే ఇబ్బంది లేకుండా చేరింది. కట్ట 700 చొప్పున నలుగురు మనుషులు తొమ్మిది కట్టలు కొన్నారు, 6300 వచ్చింది. అంటే కాపీకి 58 రూపాయలు. గంపగుత్తకు దాదాపు నాలుగింతలు, శ్రమ మాత్రం నాలుగు పార్సిళ్లదే. కట్టల్లో చేరని 107 విడి కాపీల్లో అమ్ముడుపోని 100 గంపగుత్తకు ఇచ్చేస్తే 1500. పాడైపోయిన 85 తూకానికి వేస్తే 396. బ్రోచర్లతో కలిపి పిన్ని చేతిలో పెట్టింది 11,946 రూపాయలు.

మిగిలిన అయిదు కట్టల్లో రెండు బైండు చేసినవి. మన ఇళ్లలో వారపత్రిక సీరియళ్లను చించి క్యాలికో బైండు చేయించడం అలవాటే, బాబాయి కూడా అదే పద్ధతిలో చేయించాడు. బైండరు మూడు అంచులూ కోసేశాడు, అట్టలు తీసి పారేశాడు. చదువుకోవడానికి ఇంతకంటే గట్టి పుస్తకం ఉండదు, దాచుకునేవాడికి మాత్రం పనికిరాదు. ఒకాయన 700 అనగానే ఫోన్ పెట్టేశాడు. ఆ రెండూ ఆటోమొబైల్ డిప్లొమా చెప్పే పాలిటెక్నిక్ లెక్చరర్ ఒకాయన అడిగితే ఇచ్చేశాం. పిల్లలు కార్బురేటర్ బొమ్మలు అందులో చూసి గీసుకుంటున్నారట. పిన్ని ఆ మాట రెండుసార్లు చెప్పించుకుంది.

ఇంకా మూడు కట్టలున్నాయి. వాటిని అటక మీద నుంచి దించి, హాల్లో బీరువా పై అరలో వేపాకు వేసి పెట్టాం. సంక్రాంతి దాకా 700, ఆ తర్వాత 500కి ఇచ్చేద్దామని పిన్నితో అనుకున్నాం.