పగ్ పిల్లను కొనబోయేవారు ముందు దాని తల్లి ముక్కు చూడండి

వాట్సాప్‌లో పగ్ జాతి కుక్కపిల్లల ఫొటోలు పెట్టి అడ్వాన్సులు తీసుకునే ఆ అమ్మకందారు విశాఖపట్నంలో కుక్కలు పెంచేవారిలో చాలామందికి తెలిసినవారే. మాకు ఆయన రెండు నెలల ఆడ కుక్కపిల్లను అమ్మారు. అది ఇంటికి వచ్చిన నాటి నుంచీ పెరుగన్నం తింటూ మధ్యలో ఆగి, నోరు తెరిచి గాలి పీల్చుకుని, మళ్ళీ తినేది. ఫోన్ చేసి అడిగితే “పగ్ అంటే గురక పెడుతుందండీ, అదే దాని అందం” అని తేల్చేశారు. ఎండలు ముదిరాక ఒక ఉదయం ఎంవీపీ కాలనీలో మా వీధి చివరిదాకా నడిచేసరికి అది పక్కకు ఒరిగిపోయింది. నాలుక నీలంగా మారింది.

డాక్టరుగారు టార్చి వేసి దాని ముక్కును మాకు చూపించారు. రెండు రంధ్రాలు ఉండవలసిన చోట రెండు సన్నని గీతలు ఉన్నాయి. ఊపిరి పీల్చిన ప్రతిసారీ పక్క గోడలు లోపలికి ముడుచుకుని ఆ గీతలు కూడా మూసుకుపోతున్నాయి. ముఖం చప్పిడిగా ఉన్నవాటినే ఎంచుకుని తరతరాలుగా క్రాసింగ్ చేయించడం, అంటే జత కట్టించడం, వల్ల పగ్ జాతిలో ఈ లోపం వంశపారంపర్యంగా వస్తోందని, పుర్రె పొట్టిదైనా లోపలి మెత్తని కండ ఆ మేరకు తగ్గదు కనుక అంగిలి వెనుక భాగం కూడా గాలికి అడ్డుపడుతుందని ఆయన వివరించారు. కుక్కకు మనలా ఒళ్ళంతా చెమట పట్టదు. రొప్పుతూ, నోటిలోని, ముక్కులోని తడిని ఆవిరి చేసుకుంటూనే అది ఒంటి వేడిని తగ్గించుకోవాలి. సముద్రపు తేమతో ఉక్కపోసే మన ఊళ్ళో ఆరోగ్యమైన కుక్కకే అది కష్టం, ముక్కు మూసుకుపోయిన ప్రాణి ఎలా తట్టుకుంటుంది?

రిపోర్టులు పట్టుకుని అమ్మకందారు ఇంటికి వెళ్ళాం. బాల్కనీలో తల్లి కుక్క కట్టేసి ఉంది. దాని రెండు ముక్కుపుటాల అంచులూ కోసి వెడల్పు చేసిన గుర్తులు స్పష్టంగా కనిపించాయి. ఇదేమిటని అడిగితే ఆయన ఏమాత్రం తడబడకుండా “దీనికీ ఆపరేషన్ చేయించామండీ, ఇప్పుడు చక్కగా ఈనుతోంది, మీరూ చేయించేయండి, గ్యారంటీ ఇవ్వడానికి ఇదేమైనా ఫ్రిజ్జా?” అన్నారు. అంటే తల్లికి ఊపిరాడలేదని ఆయనకు తెలుసు. ఆపరేషన్ ఆ ఒక్క కుక్క ముక్కును తెరుస్తుందే తప్ప దాని పిల్లలకు సంక్రమించే లోపాన్ని మార్చదు. తెలిసే దానిని మళ్ళీ క్రాసింగ్‌కు పంపి, పుట్టిన పిల్లను మా చేతిలో పెట్టి, దాని బాధను అందం అన్నారు. డబ్బు పోయినందుకు కాదు, ఈ మాటకే నాకు ఇప్పటికీ ఒళ్ళు మండుతోంది.

2003 నాటి హచ్ మొబైల్ ఫోన్ కంపెనీ ప్రకటనతో ఇంటింటా ముద్దొచ్చిన ఈ కుక్కకు గిరాకీ ఉన్నంత కాలం ఇలాంటివారు మానరు. కేసీఐ (కెన్నెల్ క్లబ్ ఆఫ్ ఇండియా) కాగితం వంశాన్ని చెబుతుంది, ఊపిరి ఎలా ఆడుతుందో చెప్పదు. 2017 నాటి కేంద్ర నిబంధనల ప్రకారం కుక్కలను ఈనించి అమ్మేవారు రాష్ట్ర జంతు సంక్షేమ బోర్డులో నమోదు చేసుకోవాలి. ఆ పత్రం అడగండి. తల్లిని, వీలైతే తండ్రిని, కాసేపు నడిపించి చూడండి. ముక్కుకు ఆపరేషన్ అయిందా అని సూటిగా అడిగి, జవాబును రాతపూర్వకంగా తీసుకోండి. ఆయన వాట్సాప్‌లో నిన్నటి నుంచి మళ్ళీ కొత్త పిల్లల ఫొటోలు కనిపిస్తున్నాయి. అడ్వాన్సు పంపడానికి ముందు ఆ బాల్కనీ దాకా వెళ్ళి చూడండి.