చింతపిక్కల సీసా: ఆరేళ్లు వాడాక

నాలుగో తరగతి చెబుతాను, 34 మంది పిల్లలు. కిటికీ గూట్లో ఒక గాజు సీసా ఉంటుంది. గోల లేకుండా ఒక పని ముగిస్తే అందులో ఒక చింతపిక్క పడుతుంది. నిండితే ఆ శనివారం ఆఖరి పీరియడ్ ఆటలకే.

బెత్తం నాకు ఇష్టం లేదు, 2009 విద్యాహక్కు చట్టం 17వ సెక్షనూ ఒప్పుకోదు. అందుకే మొదట చాక్లెట్లు పెట్టాను. నెల తిరక్కుండానే, బోర్డు తుడవమంటే ఒక పాప "తుడిస్తే ఏమిస్తారు టీచర్?" అంది. ఆ మాట నేను నేర్పిందే. 1973లో అమెరికాలో చిన్నపిల్లలతో చేసిన ప్రయోగంలోనూ ఇదే కనిపించింది. బొమ్మలేస్తే బహుమతి అని ముందే చెప్పించుకున్న పిల్లలు తర్వాత తమంతట తాము బొమ్మలేయడం తగ్గించారు. చెప్పకుండా బహుమతి అందుకున్నవాళ్లు తగ్గించలేదు.

తర్వాత గోడ మీద స్టార్ల చార్టు. స్టార్లన్నీ ఎప్పుడూ ఆ ఐదుగురివే. అల్లరి చేసేవాళ్లు రెండో వారానికే ఆశ వదిలేశారు.

1969లో కాన్సాస్‌లో ఒక నాలుగో తరగతిని రెండు జట్లు చేసి ఆడించిన ఆట గురించి చదివాక సీసా పెట్టాను. అక్కడ తప్పుకొక గీత గీసేవారు, నేను మంచిపనికొక పిక్క వేస్తాను. వేసేటప్పుడు ఎందుకో చెప్పి తీరాలి: "మూడో వరుస పుస్తకాలు చప్పుడు లేకుండా తీసింది" అని. ఉత్తి "గుడ్" అంటే ఏం చేయాలో పిల్లలకు తెలియదు.

వేసిన పిక్క మాత్రం వెనక్కి తీయకూడదు. ఒకసారి కోపంలో గుప్పెడు తీసేశాను. మధ్యాహ్న భోజనం దగ్గర పిల్లలంతా ఒక్క బాబును పట్టుకుని "నీ వల్లే" అన్నారు. వాడు అన్నం వదిలేసి వెళ్లిపోయాడు. మర్నాడు అందరి ముందూ వాడికి సారీ చెప్పి పిక్కలు తిరిగి వేశాను. ఇప్పటికీ గుర్తొస్తే బాధగానే ఉంటుంది.

దసరా సెలవుల దాకా సీసా బాగా పనిచేస్తుంది. సంక్రాంతి తర్వాత పిల్లలకే దాని మీద ధ్యాస తగ్గుతుంది. అప్పుడు నేనూ పిక్కలు తగ్గిస్తాను, అలవాట్లు చాలావరకు నిలుస్తాయి.

ఆ బాబు అల్లరి మాత్రం సీసాతో తగ్గలేదు. వాడు గోల చేసేది తెలుగు వాచకం పీరియడ్‌లోనే అని గమనించడానికి నాకు నాలుగు నెలలు పట్టింది. వాడికి గుణింతాలు రావు. చదవమంటారేమోనన్న భయంతో ముందే గొడవ మొదలుపెట్టేవాడు. రోజూ భోజనాలయ్యాక పావుగంట కూర్చోబెట్టుకున్నాను. ఫిబ్రవరిలో ఒకరోజు తనే చెయ్యెత్తి పాఠంలో రెండు వాక్యాలు చదివాడు.