ఆటలో బానిసలు: తీసేయడమా, విడిపించడమా, వాళ్ళే కావడమా?

హనుమకొండలో మా ఇంటి మేడ మీద ప్రతి ఆదివారం ఆరుగురం కూచుని డంజన్స్ అండ్ డ్రాగన్స్ ఆడతాం. ఒక్కొక్కరు ఒక పాత్ర అయి మాటలతో కథ నడిపే ఆట ఇది, తలపెట్టిన పని అయ్యిందా లేదా డైస్ చెప్తుంది, పెద్ద అంకె పడితే మంచిది. ఆట నడిపేది నేనే. కొత్త క్యాంపెయిన్, అంటే వారాల తరబడి సాగే కథ, మొదలుపెట్టే ముందు ప్రతిసారీ ఒక ప్రశ్న దగ్గర ఆగుతాను. ఈ లోకంలో బానిసలు ఉండాలా? ఉంటే కథలో వాళ్ళ చోటెక్కడ? మూడు రకాలుగానూ ఆడి చూశాను కాబట్టి ఏది మేలో నాకు తోచింది చెప్తాను.

అసలు లేకుండా చేయడం ఒక దారి. ఇలాంటిదే అయిన పాథ్‌ఫైండర్ ఆటను తెచ్చే పైజో కంపెనీ 2021లో ఇదే పట్టింది, ఇకపై బానిసత్వాన్ని కథావస్తువుగా వాడబోమని చెప్పింది. దాన్ని పారిపోవడం అనుకోను. ముఖపరిచయం లేని నలుగురు ఒక పూట ఆడడానికి కూచుంటే ఎవరింట్లో ఏ గాయం ఉందో మనకేం తెలుసు? పిల్లలతో ఆడినా ఇదే మంచిది. కాకపోతే లోకాన్ని దానికి తగ్గట్టు కట్టుకోవాలి. నేను ఒకసారి దొరల గడీ లాంటి కోట గీశాను, వంద గదులు, పక్కన ఏనుగుల సాల. బానిసల్ని తీసేశాను, జీతగాళ్ళను పెట్టడం మర్చిపోయాను. "గిదంత ఎవలు ఊడుస్తరన్నా?" అని ఒక తమ్ముడు అడిగితే నా దగ్గర జవాబు లేదు.

రెండోది అందరికీ అలవాటైన దారి. బానిసల వ్యాపారులు విలన్లు, మనం వీరులం. 1980లో అమెరికాలోని జెన్‌కాన్ ఆటల జాతరలో పోటీ కోసం రాసిన స్లేవ్ లార్డ్స్ సాహసాల (ఆడేందుకు ముందే రాసిపెట్టిన కథల) నాటి నుంచీ ఉన్నదే. ఎవరిని కొట్టాలో ఆలోచించే పని ఉండదు. మేమూ అలాగే బానిసల సంత మీద పడ్డాం, కాపలావాళ్ళను నరికాం, సంకెళ్ళు తెంచి "ఇక పోండి" అన్నాం, పెట్టెలోని బంగారం పంచుకున్నాం. డైస్ సంచిలో వేస్తుంటే ఒక చెల్లె అడిగింది: "ఆ నలభై మంది ఎటు పోయిన్రు?" నోట్‌బుక్కు తిరగేశాను. కాపలా నాయకుడికి పేరుంది, కత్తి ఉంది, ఎన్ని దెబ్బలకు ఓర్చగలడో చెప్పే హిట్ పాయింట్లున్నాయి. కింద ఒక్క ముక్క: 'బానిసలు, 40'. దాని కిందే 'బంగారు నాణేలు, 300'. రెండూ ఒకే రకంగా రాశాను. ఆ పేజీ చూసుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది.

పెద్ద కంపెనీలూ ఇక్కడే జారాయి. 2022లో డంజన్స్ అండ్ డ్రాగన్స్ లోకాల్లో ఒకటైన స్పెల్‌జామర్ కొత్తగా వచ్చినప్పుడు అందులో హాడోజీ అనే కోతి పోలికల జాతికి ఒక పూర్వకథ పెట్టారు. ఒక మాంత్రికుడు వాళ్ళను పట్టి, తెలివినిచ్చి, సైన్యంగా అమ్మాలని చూస్తాడు. అమెరికాలో నల్లవాళ్ళను అవమానించిన పాత తీరే ఇది అని విమర్శ వచ్చింది. ఆ ఆటను తెచ్చే విజార్డ్స్ ఆఫ్ ది కోస్ట్ కంపెనీ క్షమాపణ చెప్పి ఆ కథ తీసేసింది. నాకు ఇంకోటి కూడా గుచ్చుకుంది. విడుదలకు దారి చూపింది సైతం ఆ మాంత్రికుడి శిష్యులే.

ఇక మూడోది, బానిసలుగా మనమే ఆడడం. అదే ఆటలోని డార్క్ సన్ అనే ఇంకో లోకం కోసం 1991లో వచ్చిన ఫ్రీడమ్ సాహసంలో ఆటగాళ్ళు టైర్ నగరంలో బానిసలై, కాలక్ రాజు మెట్ల గోపురం కట్టే చాకిరీలో పడతారు. అంతదాకా తెచ్చి, రాజును కూల్చే అసలు పనిని వేరే పాత్రల చేతిలో పెట్టారు. నాకది నచ్చలేదు.

ఈ మూడో రకం ఆట కోసం మేం మన దగ్గరికే వచ్చాం. విసునూరు, కడవెండి, పాలకుర్తి మాకేం దూరం కాదు. చాకలి ఐలమ్మ తన పంట కోసం నిలబడ్డదీ, 1946 జూలై 4న దొడ్డి కొమరయ్య తూటాకు ఒరిగిందీ ఆ ఊళ్ళలోనే. ఆ మనుషుల పేర్లు ఆటలోకి తేలేదు, వాళ్ళ బతుకును డైస్‌తో తేల్చే హక్కు మాకు లేదు. వెట్టి నడిచిన తీరు మాత్రం తీసుకున్నాం. చాకలి ఉతకాలి, కుమ్మరి కుండలియ్యాలి, మాదిగ చెప్పులు కుట్టియ్యాలి, పైస ముట్టదు.

మొదటి సెషన్‌లో ఎవరి చేతిలోనూ కత్తి లేదు. ఒకరు బట్టల మూటలో కబురు దాచారు. ఒకరు కుండలు దించుతూ కాపలా మారే వేళ లెక్కపెట్టారు. ఊడ్చేవాళ్ళెవరని అడిగిన తమ్ముడే చేతులు కట్టుకుని, తల వంచి "బాంచెన్ దొరా" అన్నాడు. వంచిన తలతోనే దొర నడుముకున్న తాళంచెవులు చూస్తున్నా అన్నాడు. ఇరవై ముఖాల డైస్ వేస్తే పద్దెనిమిది పడింది. మామూలుగా అయితే కేకలు పెట్టేవాళ్ళం, ఆ రోజు ఎవరూ నోరెత్తలేదు. వాళ్ళ నాయనమ్మ చిన్నప్పుడు ఆ మాట నిజంగానే అన్న మనిషని తర్వాత చెప్పాడు.

ఈ దారికి ముందుజాగ్రత్త చాలా కావాలి. దొర బిడ్డ అత్తగారింటికి పోతే వెంట పంపే ఆడబాపల మాట వచ్చిన రోజు ఒక చెల్లె బల్ల మీది ఎక్స్ కార్డు ముట్టుకుంది. ఎందుకని అడగకుండా ఘట్టం వదిలేయాలన్నది ఆ కార్డు నియమం. వదిలేశాం. అప్పటినుంచి ఆట మొదలవకముందే అసలు రాకూడనివీ, వచ్చినా తెర వెనకే ఉండాల్సినవీ రాసుకుంటున్నాం. ఆడబాపల మీద అఘాయిత్యం మొదటి జాబితాలోకి పోయింది. ఆడబాప గడీ దాటి పోయే ఏర్పాటు మాత్రం ఆడాల్సిందేనని ఆ చెల్లెనే పట్టుబట్టింది, మూడు ఆదివారాలు పట్టింది. వీళ్ళను కరుణించి వదిలే మంచి దొరను మాత్రం నేను ఎన్నడూ పెట్టను.

ఎరిగినవాళ్ళతో నెలల తరబడి సాగే ఆటకు మూడోదే మేలు, నాకు అనుమానం లేదు. రెండోదే కావాలంటే సంతలో ఉన్నవాళ్ళలో కనీసం ఐదుగురికి పేరు, పనితనం, పారిపోయే ఉపాయం రాసిపెట్టుకోండి. మీ వీరులు పోయేసరికి లోపల ఒక సంకెల అప్పటికే తెగి ఉండాలి.

దసరా సెలవులకు ఇంటర్ పిల్లలు ముగ్గురు కొత్తగా వస్తున్నారు. వాళ్ళకు ముందు డ్రాగన్ గుహ ఆడిస్తాను, బానిసల ఊసుండదు. గుహ బయట ఊరు చిన్నదే గీశాను, ఎవరి వాకిలి వాళ్ళే ఊడ్చుకుంటారు.