ఉదయగిరిలో ముందు దేనికి: కోటకా, కొయ్య గరిటెలకా?

మా నెల్లూరు జిల్లాలో టూరిజం మాటెత్తితే మైపాడు బీచి, జొన్నవాడ, పెంచలకోన దగ్గరే ఆగిపోతాం. వాటికి జనం ఎలాగూ వస్తారు. నా బాధంతా ఉదయగిరి గురించే. నెల్లూరు నుంచి ఆత్మకూరు మీదుగా దాదాపు వంద కిలోమీటర్లు వెళితే ఒకే ఊళ్లో రెండు ఆస్తులున్నాయి. పైన దుర్గం, కింద కొయ్య గరిటెల పని. చేతిలో డబ్బు కొంచెమే ఉంటే ముందు దేనికి పెట్టాలి?

కోట చరిత్ర చిన్నది కాదు. ఒడిశా రాజులైన గజపతుల చేతిలో ఉన్న దీన్ని పట్టుకోవడానికి కృష్ణదేవరాయలంతటి వాడికే ఏడాదిన్నర పట్టింది. 1513లో ముట్టడి మొదలైతే 1514లో గానీ చిక్కలేదు. గెలిచాక ఇక్కడి బాలకృష్ణుడి విగ్రహాన్ని హంపికి తీసుకుపోయి గుడి కట్టించాడు. ఆ విగ్రహం ఇప్పుడు చెన్నై మ్యూజియంలో ఉంది. హంపి వెళ్లినవాళ్లు ఆ కృష్ణాలయం చూసి వస్తారు గానీ, ఆ దేవుడిది మన ఉదయగిరి అని ఎంతమందికి తెలుసు? ఈ మాట తలుచుకున్నప్పుడల్లా నాకు కడుపు తరుక్కుపోతుంది.

అయినా కోట చూడటం తేలిక కాదు. కొండ మూడు వేల అడుగుల పైమాటే. ఎండాకాలం, పెద్దవాళ్లతో అయితే ఆశ వదులుకోవాల్సిందే. ఎక్కగలిగిన కుర్రాళ్లు ఫొటోలు తీసుకుని చీకటి పడేలోపు ఊరు దాటేస్తారు. ఊరికి మిగిలేది నాలుగు టీల డబ్బు.

గరిటెల సంగతి వేరు. నర్ది, బిక్కి, దేవదారి లాంటి కొయ్యతో చెంచాలు, గరిటెలు, ఫోర్కులు చేస్తారు. చేసేది ఎక్కువగా ఆడవాళ్లు. ఇంటి పని చూసుకుంటూనే చెక్కి, నున్నగా రుద్దుతారు. ఈ పనికి జీఐ గుర్తింపు, అంటే ఇది ఈ ఊరి ప్రత్యేకమైన సరుకని చెప్పే భౌగోళిక గుర్తింపు కూడా ఉంది. నాన్‌స్టిక్ గిన్నెలు వచ్చాక కొయ్య గరిటె లేని వంటిల్లు తక్కువ కాబట్టి గిరాకీకి టెన్షన్ లేదు. కోట చూసినవాడి డబ్బు ఊళ్లో ఆగదు. గరిటె కొన్నవాడి డబ్బు నేరుగా చేసినవాళ్ల ఇంటికి చేరుతుంది, మధ్యలో దళారి లేకపోతే.

అందుకే నా ఓటు గరిటెలకే. కొండ దిగువన చేసేవాళ్లే నడిపే అంగడి ఒకటి, పక్కనే పని చూడటానికి నీడపట్టు. దానికి పెద్ద బడ్జెట్ అక్కర్లేదు. రోప్‌వే అడిగేవాళ్లు ఉంటారు, నాకు మాత్రం అంత తొందర లేదు. కోటకు ఇప్పుడు కావలసింది కాపలా, గోడల్లో మొలిచిన చెట్లు తీయడం, దారిలో మంచినీళ్లు. పడిపోయిన గోడను డబ్బు తెచ్చి లేపినా అది పాత గోడ కాదు. కాబట్టి ఈ పనులు ఆపడానికి లేదు.

గరిటెల వైపు ఒక్కటే నన్ను భయపెడుతుంది. ఆ కొయ్య వచ్చేది ఈ దుర్గం అడవిలోంచే. గిరాకీ పెరిగితే కొండ బోడి అవుతుంది. అంగడికి పునాది తీసే ఏడాదే ఆ చెట్ల మొక్కలు ఊరి బీడు భూముల్లో నాటాలి. అవి చేతికి రావడానికి ఏళ్లు పడుతుంది.