వాతావరణ లాబీయింగ్ బయటపడాలంటే: ఏ పద్ధతి మేలు?

కాలుష్యం తగ్గించే బిల్లు ఏదైనా వస్తోందంటే చమురు, బొగ్గు, కార్ల కంపెనీలు మంత్రుల్నీ అధికారుల్నీ కలవడం మామూలే. ఇలా తమకు కావలసింది అడిగి ఒత్తిడి తేవడమే లాబీయింగ్. కలవడం తప్పు కాదు. లోపల ఏం అడిగారో జనానికి తెలియకపోవడమే తప్పు. అది తెలిసేలా చేయడానికి ఒక్కో చోట ఒక్కో పద్ధతి నడుస్తోంది.

అమెరికాలో 1995 నాటి చట్టం ఉంది. దాని కింద ఇప్పుడు మూడు నెలలకోసారి ఫారం నింపాలి. లాబీయింగ్‌కు ఎంత ఖర్చయింది, ఏ బిల్లు, ఏ సభ, ఏ శాఖ, ఎవరెవరు పని చేశారు... ఇవన్నీ రాయాలి. కానీ ఆ బిల్లు కావాలన్నారా, వద్దన్నారా? దానికి గడే లేదు. బిల్లు పాస్ కావాలని తిరిగిన సోలార్ కంపెనీ, దాన్ని ఆపాలని తిరిగిన చమురు కంపెనీ ఆ కాగితం మీద ఒకేలా కనిపిస్తాయి. దీన్ని చిన్న లోపం అనలేను. అడగాల్సిన అసలు ప్రశ్నే అడగలేదు.

ఐర్లండ్ 2015 చట్టం సరిగ్గా ఆ ప్రశ్నే అడుగుతుంది. నాలుగు నెలలకోసారి, కాలం ముగిసిన 21 రోజుల్లోపు వివరాలు ఇవ్వాలి. కలిసిన మంత్రి లేదా అధికారి పేరు, మీటింగా ఫోనా ఈమెయిలా, ఏ విషయం మీద, ఏ ఫలితం కోరి అన్నది రాయాలి. ఆలస్యమైతే 200 యూరోల జరిమానా. ఈ వివరాలుండే రిజిస్టర్‌ను ఎవరైనా ఆన్‌లైన్‌లో వెతుక్కోవచ్చు. ఖర్చు మాత్రం అడగదు. ‘కోరిన ఫలితం’ దగ్గర పొడిపొడిగా రాసి తప్పించుకునే వీలూ ఉంది. అయినా పేరూ కోరికా పక్కపక్కనే ఉంటే విలేకరి ఆ అధికారినే నేరుగా అడగగలడు.

ఇంకో దారి వాటాదారుల ఒత్తిడి. వాతావరణ లాబీయింగ్ మీద నివేదిక ఇవ్వాలన్న తీర్మానానికి 2020లో అమెరికా చమురు కంపెనీ షెవ్రాన్‌లో 53 శాతం ఓట్లు పడ్డాయి. మరుసటి ఏడాది మరో చమురు కంపెనీ ఎక్సాన్‌మొబిల్‌లోనూ అలాంటి తీర్మానం నెగ్గింది. రిజిస్టర్లకు సరిగా అందని చోటికి, అంటే వ్యాపార సంఘాల దాకా, ఈ దారి వెళ్తుంది. కంపెనీ పైకి భూతాపాన్ని అదుపు చేసే పారిస్ ఒప్పందానికి జై కొడుతుంది, దాన్ని వ్యతిరేకించే సంఘానికి చందా కడుతుంది. చమురు కంపెనీ షెల్ 2019లో తన ముఖ్యమైన సంఘాల సభ్యత్వాలను సమీక్షించుకుని అమెరికా రిఫైనరీల సంఘం నుంచి తప్పుకుంది. ఫ్రాన్స్ చమురు కంపెనీ టోటల్ 2021లో అక్కడి చమురు కంపెనీల సంఘం అమెరికన్ పెట్రోలియం ఇన్‌స్టిట్యూట్‌ను వదిలేసింది. ఇవి నిజమైన మార్పులే.

కానీ ఇక్కడ పరీక్ష రాసేదీ దిద్దేదీ కంపెనీయే. 2021లోనే బయటికొచ్చిన ఒక రహస్య వీడియోలో ఎక్సాన్ లాబీయిస్టు ఒకాయన, కార్బన్ పన్ను (కర్బన కాలుష్యం మీద వేసే పన్ను) ఎలాగూ రాదని తెలిసే దానికి మద్దతంటున్నామన్న అర్థంలో మాట్లాడాడు. అది కంపెనీ వైఖరి కాదని పైవాళ్లు ఖండించారు. ఏది నిజమో తేల్చడానికి కంపెనీ సొంత నివేదిక పనికిరాదు.

ఒక్కటే ఎంచుకోమంటే నేను ఐర్లండ్ పద్ధతే అంటాను. డబ్బు లెక్క కన్నా కోరిక తెలియడం ముఖ్యం. దానికి తోడు వ్యాపార సంఘాల్లో ఎవరు ఎంత చందా కడుతున్నారన్న వివరం కూడా తప్పనిసరి చేస్తే వాటాదారుల ఓటు కోసం ఎదురుచూడక్కర్లేదు. అమెరికాకు కొత్త చట్టం కూడా అవసరం లేదు, ఉన్నదాన్ని సవరించి ఆ ఫారంలో ఒక్క గడి పెడితే చాలా మారుతుంది: అనుకూలమా, వ్యతిరేకమా.