కేబుల్ తీయించి నాలుగున్నరేళ్లు, వాడినవి రెండు బాక్సులు

మా ఇంట్లో కేబుల్ తీయించి నాలుగున్నరేళ్లయింది. ఈలోగా ఇంటర్నెట్ నుంచి చానళ్లు, సినిమాలు టీవీలో చూపించే స్ట్రీమింగ్ బాక్సులు రెండు వాడాను. మొదటిది పద్నాలుగు నెలలు ఉంది. రెండోది మూడేళ్లు దాటినా ఇంకా నడుస్తోంది. "బాక్సు పెట్టుకుంటే తప్పా? కేసులేమైనా అవుతాయా?" అని మా అపార్ట్‌మెంట్‌లోనే నలుగురు అడిగారు. లిఫ్ట్ దగ్గర నిలబడి చెప్పింది వాళ్లకు సరిపోలేదు, అందుకే ఇంత వివరంగా రాస్తున్నాను.

మేముండేది నాచారంలో. 2019లో టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ కొత్త టారిఫ్ వచ్చాక, చూసే చానళ్లకే డబ్బు కట్టొచ్చన్నారు. నెట్‌వర్క్ ఫీజు 130, దాని మీద 18 శాతం జీఎస్టీ, మొత్తం 153 రూపాయల 40 పైసలు. పే చానళ్ల ధర వేరే. అమ్మ చూసేవి ఎనిమిది చానళ్లు, నేను చూసేది క్రికెట్. అయినా ప్యాకులన్నీ కలిసి బిల్లు నెలకు 450 దాకా వచ్చేది. 2021లో విసుగొచ్చి కోఠీకి వెళ్లి ఒక షాపులో ఆండ్రాయిడ్ బాక్సు తెచ్చాను. డబ్బా 3,500, ఏడాదికి 1,500. "అన్ని చానళ్లూ వస్తాయి భయ్యా, అన్ని ఓటీటీలూ వస్తాయి. బిల్లు కూడా ఇస్తాను, ఏ టెన్షనూ లేదు" అన్నాడు షాపాయన.

నిజంగానే బిల్లు ఇచ్చాడు. అందులో "మీడియా ప్లేయర్ - 1" అని ఉంది. ఆ కాగితం చూసి అంతా లీగలే అనుకున్నాను. అది డబ్బాకు మాత్రమే బిల్లని, లోపల వచ్చే వందల చానళ్లకు ఎవరూ ఏ బిల్లూ ఇవ్వలేదని చాలా ఆలస్యంగా తట్టింది. ఏడాది తర్వాత రెన్యువల్ డబ్బు ఎవరిదో ఫోన్ నంబరుకు యూపీఐ చేయమన్నారు. కంపెనీ పేరు లేదు, రసీదు లేదు. అప్పుడే అనుమానం రావాల్సింది. పంపేశాను.

తర్వాత తెలుసుకున్న సంగతి ఇది. బాక్సు కొనడం తప్పు కాదు, ఇంట్లో పెట్టుకోవడం తప్పు కాదు. వీడియోలు ప్లే చేసే కోడి (Kodi) లాంటి సాఫ్ట్‌వేర్‌లోనూ తప్పు లేదు, మా చెల్లి పెళ్లి వీడియోలు ఇప్పటికీ దాంట్లోనే చూస్తాం. తేడా అంతా లోపలికి వచ్చే ప్రసారానికి హక్కుదారు అనుమతి ఉందా లేదా అన్నదాంట్లో ఉంది. మా కాలనీ కేబులాయన 1995 నాటి కేబుల్ చట్టం కింద పోస్టాఫీసులో రిజిస్టర్ చేసుకున్న మనిషి. ఆయనకు కట్టే డబ్బులో వాటా చానల్‌కు చేరుతుంది. ఆ బాక్సు వాళ్లు అదే చానల్‌ను ఎక్కడి నుంచో లాగి, ఇంటర్నెట్‌లో తిరిగి వదులుతున్నారు. 1957 నాటి కాపీరైట్ చట్టంలో ప్రసారం చేసే సంస్థకు 25 ఏళ్ల పాటు ప్రత్యేక హక్కు ఉంది. లైసెన్సు లేకుండా ఆ ప్రసారాన్ని మళ్లీ ప్రసారం చేయకూడదు. అదే చట్టం 63వ సెక్షన్ ప్రకారం, తెలిసి కాపీరైట్‌ను ఉల్లంఘించినా, అందుకు తోడ్పడినా 6 నెలల నుంచి 3 ఏళ్ల జైలు, 50 వేల నుంచి 2 లక్షల జరిమానా.

చూసేవాళ్ల సంగతేమిటి? చట్టం బరువు ప్రధానంగా ప్రసారం చేసేవాళ్ల మీద, అమ్మేవాళ్ల మీద ఉంది. ఇంట్లో కూర్చుని చూసేవాళ్ల గురించి అంత సూటిగా మాట్లాడదు. అయితే నన్ను కుదురుగా కూర్చోనివ్వనిది ఆ "తోడ్పడటం" అన్న మాట. 1,500 పంపింది నేనే కదా.

అమ్మేవాళ్లు మాత్రం "మేం డబ్బా అమ్ముతాం, లోపల మీరేం చూస్తే మాకేంటి" అంటారు. యూరోపియన్ యూనియన్ న్యాయస్థానం ముందు 2017లో ఇలాంటి వాదనే వచ్చింది. పైరసీ లింకులు తెరిచే యాడ్-ఆన్‌లు (అదనపు చిన్న ప్రోగ్రాంలు) ముందే ఎక్కించి ప్లేయర్లు అమ్మిన కేసది. అలా అమ్మడమే హక్కుల ఉల్లంఘన అని కోర్టు తేల్చింది. ఆ తీర్పు మన దేశానికి వర్తించదు గానీ, ఆ వాదనలో పస ఎంతో దాన్నిబట్టి తెలుస్తుంది.

ఇక వాడకం. మామూలు రోజుల్లో బాగానే నడిచేది. 2022 ఐపీఎల్ మొదలయ్యాక అసలు రంగు బయటపడింది. మ్యాచ్ ఉన్న సాయంత్రమే స్పోర్ట్స్ చానళ్లు నల్లగా అయిపోయేవి. వాట్సాప్ గ్రూపులో అడిగితే "సర్వర్ మారుస్తున్నాం" అనేవాళ్లు. మన కోర్టులు పైరసీ సైట్లను ఆపేయమంటున్నాయి కాబట్టే ఈ ఎలుకా పిల్లీ ఆట. 2019 ఏప్రిల్‌లో ఢిల్లీ హైకోర్టు ఇచ్చిన డైనమిక్ ఇంజంక్షన్ అనే నిషేధ ఉత్తర్వుతో, ఆపిన సైటు పేరు మార్చుకుని మళ్లీ వస్తే, కొత్త దావా వేయకుండానే దాన్నీ ఆ ఉత్తర్వులోకి చేర్చొచ్చు. 2022 జూన్ వేలంలో అయిదేళ్ల ఐపీఎల్ హక్కులు మొత్తం 48,390 కోట్లకు పోయాయి. టీవీ హక్కు ఒకరికి, డిజిటల్ హక్కు ఇంకొకరికి. అంత పోసి కొన్నవాళ్లు నా 1,500 బాక్సును చూస్తూ ఊరుకుంటారా!

దీనికన్నా నన్ను భయపెట్టింది వేరే. టీవీ ఆపేసినా రాత్రిళ్లు రౌటర్ లైటు ఆగకుండా మిణుకుమిణుకుమంటుండేది, నెట్ నెమ్మదించేది. బాక్సు ప్లగ్ తీస్తే తగ్గేది. నా బాక్సులో ఏముందో నేను నిరూపించలేను. కానీ 2023 మొదట్లో టీ95 అనే చవక బాక్సులో ఫ్యాక్టరీ నుంచే మాల్‌వేర్ (హాని చేసే ప్రోగ్రాం) వస్తోందని ఒక పరిశోధకుడు బయటపెట్టాడు. 2025 జూన్‌లో అమెరికా ఎఫ్‌బీఐ ఇలాంటి బాక్సుల గురించి హెచ్చరించింది. ఆ మరుసటి నెల గూగుల్ ఇలాంటి బాక్సుల్లోకి చొరబడే బ్యాడ్‌బాక్స్ 2.0 ముఠా మీద దావా వేస్తూ, కోటికి పైగా పరికరాలు దాని చేతిలో ఉన్నాయని చెప్పింది. మన ఇంటి నెట్ కనెక్షన్ మీదుగా ఎవరో మోసాలు చేస్తే, మొదట బయటపడేది మన పేరు మీదున్న ఐపీ అడ్రసే (నెట్ కనెక్షన్‌ను గుర్తించే నంబరు). అదే వైఫైలో నా బ్యాంకు యాప్ ఉంది, అమ్మ పెన్షన్ ఖాతా ఉంది.

2022 అక్టోబరులో గూగుల్ సర్టిఫికేషన్ ఉన్న బాక్సు కొన్నాను. మొదటి రోజే తేడా కనిపించింది. పాత దాంట్లో సొంత డబ్బుతో కట్టిన ఓటీటీ కూడా 480పీలోనే మసకగా వచ్చేది. వైడ్‌వైన్ ఎల్1 అనే రక్షణ లేని పరికరానికి చాలా యాప్‌లు హెచ్‌డీ ఇవ్వవు. కొత్త దాంట్లో బొమ్మ స్పష్టంగా ఉంది. కొనేముందు పెట్టె మీద బీఐఎస్ (భారతీయ ప్రమాణాల సంస్థ) రిజిస్ట్రేషన్ నంబరు చూసుకోండి, సెట్‌టాప్ బాక్సులకు అది తప్పనిసరి.

అమ్మ సంగతి చెప్పాలి. ఎస్వీబీసీ, భక్తి టీవీ, న్యూస్ చానళ్లు యూట్యూబ్‌లో చానల్ వాళ్లే లైవ్ ఇస్తారు, పైసా ఖర్చు లేదు. సీరియళ్లకు మాత్రం స్టార్ మాకు ఒక యాప్, జీ తెలుగుకు ఇంకోటి, జెమినీకి సన్ నెక్స్ట్, ఈటీవీకి విన్. నంబరు నొక్కితే చానల్ వచ్చే అలవాటు అమ్మకు ముప్ఫై ఏళ్లది. యాప్ తెరిచి, ప్రొఫైల్ ఎంచుకుని, వెతుక్కోవడం నేర్చుకోవడానికి రెండు నెలలు పట్టింది. మొదటి వారమైతే "కేబుల్ మళ్లీ పెట్టించరా" అని రోజూ అనేది. క్రికెట్ అరనిమిషం వెనక వస్తుంది. పక్క ఫ్లాట్‌లో అరుపు వినిపించిందంటే మాకు వికెట్ పడబోతోందని అర్థం. ఈ లోపం మూడేళ్లయినా పోలేదు.

ఖర్చు? ఏడాది ప్లాన్లన్నీ లెక్కేస్తే, ఇంటర్నెట్ కాకుండా, నెలకు 300 దాటుతోంది. ఆదా ఉంది గానీ, బాక్సుల షాపులో చెప్పినంత లేదు. అసలు నెలనెలా ఖర్చే వద్దనుకునేవాళ్లకు దూరదర్శన్ వాళ్ల డిష్ సర్వీసు డీడీ ఫ్రీ డిష్ ఉంది, 2004 నుంచి నెలసరి బిల్లు లేకుండా నడుస్తోంది. ప్రసార భారతి 2024 నవంబరులో వేవ్స్ అనే ఓటీటీ కూడా తెచ్చింది.

బాక్సు పెడితే వైర్ల గొడవ తప్పుతుందనుకోవద్దు. 2025 ఆగస్టులో మా పక్కనే రామంతాపూర్‌లో కృష్ణాష్టమి రథానికి కరెంటు తగిలి అయిదుగురు చనిపోయారు. ఆ తర్వాత విద్యుత్ సిబ్బంది స్తంభాల మీద కేబుళ్లు కత్తిరించుకుంటూ వెళ్లారు. కేబుల్ టీవీ పోయింది, మా ఫైబరూ పోయింది. రెండూ అవే స్తంభాల మీద వేలాడుతున్నాయి మరి.

పాత బాక్సును మా వాచ్‌మన్ అడిగాడు, "అన్నా, వాడట్లేదుగా, పిల్లలు చూస్తారు" అని. రీసెట్ చేసి ఇద్దామనుకున్నాను. మాల్‌వేర్ ఫర్మ్‌వేర్‌లోనే, అంటే ఫ్యాక్టరీలో ఎక్కించిన మూల సాఫ్ట్‌వేర్‌లోనే ఉంటే రీసెట్ చేసినా పోదు. అతని ఫోన్‌పే కూడా ఆ వైఫైలోనే ఉంటుంది కదా. డబ్బాను ఈ-వేస్ట్ తీసుకునేవాళ్లకిచ్చి, అతనికి ఫ్రీ డిష్ పెట్టించాను.