పాత ఫ్రేముల సైటులో మెనూ: ఎడమనా, పైనా, అసలు ఫ్రేమే వద్దా?

1996లో నెట్‌స్కేప్ నావిగేటర్ 2.0 బ్రౌజరుతో ఫ్రేములు, అంటే తెరను భాగాలుగా విడగొట్టి ఒక్కోదాంట్లో ఒక్కో పేజీ చూపే పద్ధతి, అందరికీ అందాయి. మెనూ ఒక ఫ్రేములో కదలకుండా ఉంటుంది, పక్క ఫ్రేములో పేజీలు మారుతుంటాయి. మోడెముల కాలంలో అది పెద్ద వెసులుబాటే. ఒక లింకు మార్చడానికి సైటులోని ఫైళ్లన్నీ తెరవాల్సిన పని తప్పింది.

ఫ్రేములే వాడాలనుకుంటే మెనూ ఎక్కడ? అయిదారు లింకులకు మించకపోతే పైన సన్నని పట్టీ చాలు. అంతకు మించితే ఎడమ పక్కే నయం, ఎందుకంటే జాబితా కిందికి ఎంతైనా పెరగగలదు. తెలుగు శీర్షికలు పొడవుగా ఉంటాయి కాబట్టి ఆ ఫ్రేముకు కాస్త వెడల్పు ఇవ్వాలి. పైనా పక్కనా రెండూ పెట్టి తెరను ముక్కలు చేయడం నాకు నచ్చదు. జావాడాక్ (జావా ప్రోగ్రాములకు వివరణ పేజీలు తయారుచేసే పనిముట్టు) మూడు ఫ్రేములతో ఏళ్ల తరబడి నెగ్గుకొచ్చిందంటే అందుకు కారణం, ఆ పేజీలకు వెళ్లేవారు నిఘంటువు తిరగేసినట్టు పేర్లు వెతుక్కోవడానికే వెళ్లడం.

మెనూ ఫ్రేముకు స్క్రోల్‌బార్ తీసేయకండి. చదివేవారు అక్షరాల సైజు పెంచుకుంటే చివరి లింకులు కనిపించకుండా పోతాయి. బయటి సైట్ల లింకులకు టార్గెట్‌గా (పేజీ ఎక్కడ తెరుచుకోవాలో చెప్పే గుర్తుగా) ‘_top’ ఇవ్వడం మరవద్దు, లేకపోతే ఇతరుల పేజీ మన చట్రంలో తెరుచుకుంటుంది. వార్తాసంస్థల పేజీలను ఇలాగే తన ఫ్రేముల్లో చూపినందుకు 1997లో టోటల్‌న్యూస్ అనే సైటు మీద వాషింగ్టన్ పోస్ట్ తదితర సంస్థలు కోర్టుకెక్కాయి. అది చివరికి రాజీతో ముగిసింది.

ఇవన్నీ సరిదిద్దుకున్నా చిరునామా చిక్కు మిగిలే ఉంటుంది. లోపల ఏ పేజీ చూస్తున్నా అడ్రస్ బార్‌లో ముఖద్వారం పేరే కనిపిస్తుంది. దాన్ని మిత్రుడికి పంపితే ఆయన తొలి పేజీకి చేరతాడు. సెర్చ్ ఇంజన్ నుంచి వచ్చినవారికి ఇంకో ఇబ్బంది: లోపలి పేజీ ఒక్కటే తెరుచుకుంటుంది, మెనూ ఉండదు. ప్రతి పేజీ అడుగున తొలి పేజీకి లింకు పెట్టడం తాత్కాలిక ఉపశమనం మాత్రమే.

అందుకే నా ఓటు సర్వర్ ఇన్‌క్లూడ్‌కు. మెనూ ఒకే ఫైలులో ఉంటుంది, పేజీని పంపేటప్పుడు అపాచీ వంటి వెబ్ సర్వరే దాన్ని అతికిస్తుంది. ప్రతి పేజీకీ సొంత చిరునామా దక్కుతుంది. మెనూ కదలకుండా ఉండాలంటే పేజీ రూపాన్ని నిర్దేశించే సీఎస్‌ఎస్‌లో ‘స్టికీ’ అనే అమరిక ఉంది. వెబ్ పేజీలు రాసే హెచ్‌టీఎంఎల్5 ప్రమాణం 2014లో ఖరారయ్యేనాటికి ఫ్రేములను అమర్చే ఫ్రేమ్‌సెట్ ట్యాగు కాలం చెల్లినవాటి జాబితాలో చేరింది. జావాడాక్ కూడా జేడీకే 9 (జావా పనిముట్ల కట్ట తొమ్మిదో సంచిక)లో వెతుకుపెట్టెను చేర్చుకుని, తర్వాత ఫ్రేములను వదిలేసింది.

ఒక్కచోట మాత్రం ఫ్రేములదే పైచేయి: సర్వర్ లేకుండా సీడీ నుంచో పెన్‌డ్రైవ్ నుంచో నేరుగా తెరిచే పాత సమాచార సంపుటాలు. అక్కడ అతికించే సర్వరే ఉండదు కాబట్టి వాటిని అలాగే ఉంచవచ్చు. వెబ్‌లో ఉన్న సైటును మారుస్తుంటే మాత్రం లోపలి పేజీల పాత ఫైలు పేర్లు మార్చకండి. ఫైలు పేరు చివరి ఎక్స్‌టెన్షన్ (.html వంటిది) మార్చక తప్పకపోతే పాత చిరునామాల నుంచి కొత్తవాటికి దారి మళ్లింపు పెట్టండి.